చైత్ర పూర్ణిమయు పస్కా పండుగయు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గుంటూరు జిల్లాలో, చతుర్ముఖ బ్రహ్మ గుడి గల చేబ్రోలునకు చేరువగా కొత్తరెడ్డిపాలెమను గ్రామము కలదు. అచ్చట కొన్ని పదుల కుటుంబములవారు ఏటేట వసంతకాలమున పస్కా పండుగ చేయుచున్నారు. పస్కా యనగానే మనలోని క్రైస్తవ సోదరులకు ఈస్టరు జ్ఞప్తికి వచ్చును. ఇది అది కాదు. వీరు తాము యూదులమని చెప్పుకొనువారు. వీరి మాతృభాష తెలుగు. పుట్టిన కులము మాదిగ కులము. చేయు పని చాలవరకు వ్యవసాయపు కూలి. తమ సమాజమునకు వీరు పెట్టుకొన్న పేరు బెనె ఎఫ్రాయీము, అనగా ఎఫ్రాయీము సంతతివారు.

రజతోత్సవ సభలో భారతమో భాగవతమో విడిచి ఇదేమి విషయమని కొందరు అనుకొనవచ్చును. నా వృత్తి గ్రామ లెక్కలు వ్రాయుట. పురాణములును కావ్యములును నేను ఈ గ్రంథాలయపు బల్లల మీదనే, గురువు లేక, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదువుకొన్నవాడను. అట్టివానికి ఏ విషయమైనను మొదట లెక్కగానే కనబడును. ఈ పండుగ విషయమున నన్ను మొదట పట్టి నిలిపినది దాని తేదీ. దాని యర్థము తరువాత వచ్చి నన్ను ఇంకను గట్టిగా పట్టుకొన్నది.

మొదట తేదీ చూతము. ఈ పండుగ 2023లో ఏప్రిల్ 5వ తేదీ సాయంకాలమున ఆరంభమైనది. 2024లో ఏప్రిల్ 22, 2025లో ఏప్రిల్ 12, 2026లో ఏప్రిల్ 1. ఆ సంవత్సరములలో మన చైత్ర పూర్ణిమ వరుసగా ఏప్రిల్ 6, 23, 12, 2 తేదీలలో వచ్చినది. ఇంగ్లీషు తేదీ ఇటునటు ఇరువది దినములు పరుగెత్తుచున్నను ఆ పండుగయు మన పూర్ణిమయు చేయి విడువక నడచుచున్నవి. ఇట్లేల జరుగును?

వారి మాసమును మన మాసమువలెనే చంద్రుని బట్టి నడచును. నీసాను అను మాసమున పదునాలుగవ దినము సూర్యుడు అస్తమింపగానే పదునైదవ దినము పుట్టును; ఆ రాత్రియే పండుగ రాత్రి. దినము మనకు సూర్యోదయముతోను, సర్కారువారికి అర్ధరాత్రితోను, యూదులకు సూర్యాస్తమయముతోను మొదలగును. కనుకనే వారి పండుగలు సాయంకాలమున ఆరంభమగును. పదునైదవ రాత్రి యనగా పున్నమి రాత్రి. బైబిలులోని నిర్గమకాండము ప్రకారము గొఱ్ఱెపిల్లను ఎంచుకొనవలసినది ఆ నెల పదవ దినమున. మన లెక్కలో అది చైత్ర శుద్ధ దశమి వంటిది, శ్రీరామనవమి మరునాడన్నమాట. ఈ మాట విని ఎవరైనను రామునికిని మోషేకును చుట్టరికము కలుపబూనినచో నేను ఒప్పుకొనను. ఆకాశమున చంద్రుడొక్కడే. చూచినవారెవరైనను అదే లెక్క వేయుదురు.

చంద్రుని లెక్కలో ఒక చిక్కు కలదు. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములే. సూర్యుని యేడాదికి 365 దినముల పైచిలుకు. ఏటికి పదునొకండు దినములు తరుగు పడుచుండును. ఈ తరుగును లోకములో మూడు విధములుగా చూచిరి. మహమ్మదీయులు దానిని అట్లే వదలివేసిరి. అందువలన రంజాను మాసము ఎండలలోను వచ్చును, వానలలోను వచ్చును, చలిలోను వచ్చును. సర్కారు ఇంగ్లీషువారు చంద్రుని పూర్తిగా విడిచి సూర్యుని పట్టుకొనిరి. మనమును యూదులును ఇద్దరిని వదలక, తరుగు పోగై ఒక నెలకు సరిపడినప్పుడు ఒక అధిక మాసమును వేసికొనుచున్నాము.

ఈ తరుగు సామాన్యమైనది కాదని లెక్కలు వ్రాయువారికి బాగుగా తెలియును. మన రెవెన్యూ లెక్కలలో ఫసలీ యని యొకటి కలదు గదా. 2024 జులై 1వ తేదీతో ఆరంభమైనది 1434 ఫసలీ. ఈ ఫసలీ పుట్టినదే ఈ చిక్కువలన. హిజరీ సంవత్సరమును బట్టి శిస్తు అడుగబోయినచో కొన్నేండ్లకు పంట చేతికి రాకముందే శిస్తు గడువు వచ్చి కూర్చుండును. అందుచేత అక్బరు కాలమున పంటను అనుసరించు సంవత్సరమును వేరుగా ఏర్పరచిరి. ఫసల్ అనగా పంట. చంద్రుడు ఎంత యందగాడైనను ధాన్యము పండించునది సూర్యుడే.

యూదుల పండుగకును పంటయే మూలము. నీసానునకు ముందు ఆ మాసమునకు ఆబీబు అను పేరుండెడిది. ఆబీబు అనగా పచ్చి యవల వెన్ను. పండుగలోని రెండవనాడు తొలి యవల పనను దేవాలయమున సమర్పింపవలెను. అచ్చటినుండి నలువది తొమ్మిది దినములు లెక్కించి ఏబదియవనాడు గోధుమ పంట పండుగ. పూర్ణిమ వచ్చినది గాని యవలు ఇంకను పాలమీద నున్నచో ఏమి చేయుదురు? యెరూషలేములోని ధర్మసభవారు చేనిని విచారించి, పండ్ల తోటలను విచారించి, విషువమును లెక్కించి, ఇంకను కాలము కాలేదనినచో అదారు మాసమును రెండు మారులు చేసెడివారు. పండుగ ఒక నెల వెనుకకు జరిగెడిది. నెల ఆరంభమును గూడ ఇద్దరు సాక్షులు నెలవంకను చూచి వచ్చి వాఙ్మూలమిచ్చిన తరువాతనే నిర్ణయించెడివారు. ఆ కబురు మొదట కొండల మీద మంటలు వేసియు, తరువాత దూతలను పంపియు దూరదేశములకు తెలిపెడివారు. కబురు వేళకు అందునో అందదో యను సంశయముతో దూరముననున్నవారు ఒక దినము అదనముగా చేసెడివారు. నేడు సంశయమునకు తావు లేకున్నను, ఇశ్రాయేలు దేశమున ఈ పండుగ ఏడు దినములు, వెలుపల నెక్కువచోట్ల ఎనిమిది దినములు.

రాజ్యము పోయి జనము చెదరిన తరువాత సాక్షుల పద్ధతి సాగలేదు. క్రీ.శ. నాలుగవ శతాబ్దిలో రెండవ హిల్లేలు అను పెద్ద లెక్కను స్థిరపరచెనని వారి సంప్రదాయము చెప్పును. క్రమక్రమముగా ఏర్పడినదని నేటి పండితుల అభిప్రాయము. ఎట్లయినను ఆ లెక్క చూడ ముచ్చటగా నుండును. పందొమ్మిది యేండ్లకు పండ్రెండేసి చొప్పున 228 మాసములు. దానికి ఏడు అధిక మాసములు కలిపిన 235. ఈ 235 చాంద్రమాసములకును పందొమ్మిది సౌర సంవత్సరములకును తేడా రెండు గంటల పైచిలుకు మాత్రమే. బాబిలోనువారును, ఏథెన్సు నగరపు మెటను అను జ్యోతిష్కుడును ఈ సంగతి క్రీస్తునకు పూర్వమే యెఱుగుదురు.

ఇంకొక అంకె వినుడు. యూదుల లెక్కలో ఒక చాంద్రమాసమునకు సగటున 29 దినములు, 12 గంటలు, గంటలో 1080 భాగములు చేసినచో అట్టివి 793 భాగములు. అనగా 29 దినముల 12 గంటల 44 నిమిషముల 3 సెకనులకు కొంచెము పైన. మన సూర్యసిద్ధాంతము మహాయుగమునకు 157,79,17,828 దినములని, 5,34,33,336 చాంద్రమాసములని చెప్పును. నేను ఒక రాత్రి కూర్చుండి భాగించితిని. వచ్చినది 29 దినముల 12 గంటల 44 నిమిషముల 2.8 సెకనులు. ఈ రెంటికిని తేడా అర సెకను! ఒకరి పుస్తకమొకరు చూచి వ్రాసినట్లు లేదు. తప్పు లేని రెండు చిట్టాలు ఒకే నిలువకు వచ్చినట్లున్నది.

అయినను రెండు పండుగలును ఎల్లప్పుడును కలియవు. అధిక మాసమును వేయు తీరులో భేదమున్నది. మనము సూర్య సంక్రమణము లేని చాంద్రమాసమును అధికమందుము. అది వేర్వేరు యేండ్లలో వేర్వేరు మాసము కావచ్చును. వారు పందొమ్మిదేండ్ల పట్టికను అనుసరించి ఎల్లప్పుడును అదారునే రెట్టింతురు. 2020లో మనకు అధిక ఆశ్వయుజము వచ్చినది. వారికి ఆ సమయమున అధిక మాసము లేదు. కాబట్టి 2021లో పస్కా మార్చి 27 సాయంకాలముననే వచ్చినది. మనకది ఫాల్గుణ పూర్ణిమ, హోళీ పున్నమి. ప్లవ నామ ఉగాదికి ఇంకను పక్షము దినములకు పైగా నుండెను. మరుసటి యేడు వారు రెండవ అదారును వేసికొనుటతో 2022 ఏప్రిల్ 16న మరల కలిసితిమి.

క్రైస్తవుల ఈస్టరును ఈ పూర్ణిమకే కట్టుబడినది. యేసు శ్రమపడినది పస్కా దినములలో గదా. 325లో నైసియా సభ తరువాత యూదుల గణనతో నిమిత్తము లేక, మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చు మొదటి పూర్ణిమ కావల ఆదివారమని స్థిరపడినది. దానివలన 2024లో ఈస్టరు మార్చి 31న అయిపోయినది. యూదుల పస్కాకు ఇంకను మూడు వారములుండెను. మన ఊరి చర్చిలో ఆ యేడు ఒకరిద్దరు నన్నడిగిన ప్రశ్నకు జవాబిదియే. రెండు పంచాంగములలో ఒకటి అధిక మాసమును వేసికొన్నది, రెండవది వేసికొనలేదు.

ఉప్పుటేటి పోటుపాటులు చూచుకొని బ్రతుకు మనకు అమావాస్య పున్నములను ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు. ఇక పండుగ యర్థమునకు వచ్చెదను.

కథ మీలో పెక్కుమందికి తెలిసినదే. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దేశమున ఫరో క్రింద దాసులై ఇటుకలు చేయుచుండిరి. ఇటుకలకు కావలసిన గడ్డి యిచ్చుట మాని, ఇటుకల లెక్క మాత్రము తగ్గరాదని అధికారులు శాసించిరి. ఈ భాగమును చదివినప్పుడెల్ల నాకు ఆ లెక్క వ్రాసిన గుమాస్తా యెవడో యను ఆలోచన వచ్చును. చివరకు మోషే వారిని విడిపించుకొని పోయెను. విడుదలకు ముందటి రాత్రి ఐగుప్తీయుల యిండ్లలోని తొలిచూలు బిడ్డలు మరణించిరి. గొఱ్ఱెపిల్ల రక్తము ద్వారబంధములకు పూసికొన్న యిండ్లను మృత్యువు దాటిపోయినది. దాటిపోవుటయే పస్కా. తొందరలో పిండి పులియుటకు వ్యవధి లేక పొంగని రొట్టెలే కాల్చుకొని బయలుదేరిరి. అందువలన ఆ దినములలో పులిసిన పిండి యింట నుండరాదు. పండుగకు ముందు మూలమూలలు ఊడ్చి, దీపము పట్టుకొని వెదకి తీసివేయుదురు. వరియన్నము తినవచ్చునా యనుదానిలో వారికే అభిప్రాయభేదము కలదు. యూరపులోని పెక్కు యూదులు మానిరి. స్పెయినునుండి వచ్చినవారిలో పెక్కుమంది తిందురు. అన్నము లేక ఎనిమిది దినములు గడపుట యెట్లని మీరు బెంగపడ నక్కరలేదని చెప్పుచున్నాను, అంతే.

ఆ రాత్రి భోజనమునకు క్రమము కలదు. చేదాకు తిందురు, అది దాస్యపు చేదు. ఉప్పునీరు ఉంచుదురు, అది కన్నీరు. పండ్లును పప్పులును నూరి అడుసువంటి ముద్ద చేయుదురు. అది ఇటుకల అడుసు. నాలుగు మారులు ద్రాక్షారసము త్రాగుదురు. అన్నిటికంటె ముఖ్యము, ఇంటిలో చిన్నవాడు ఈ రాత్రికి గల ప్రత్యేకత యేమని అడుగవలెను, పెద్దవాడు కథ చెప్పవలెను. పిల్లలు లేని యింట భార్య అడుగవలెను. ఒంటరివాడైనచో తన్ను తానే అడుగుకొనవలెనట! చెప్పువాడు పూర్వులు విడుదలపొందిరని చెప్పి ఊరకుండరాదు. తానే ఆ రాత్రి బయటికి వచ్చినట్లు భావింపవలెను.

మనము ఉగాదినాడు వేపపూత తిందుము. ఆ చేదు రాబోవు యేటిది. వచ్చు కష్టమునకు నాలుకను ముందుగా సిద్ధము చేయుదుము. వారి చేదు జరిగిపోయినది. మరచిపోకుండ నాలుకకు గుర్తుచేయుదురు. ఈ రెండును ఒకే ఋతువులో, ఒక్కొక్కయేడు ఒకే పక్షములో తినబడుచున్నవి.

ఇప్పుడు కొత్తరెడ్డిపాలెము సంగతి. క్రైస్తవులుగా నుండిన కుటుంబములలో షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సోదరులు 1980 తరువాత, తమ పూర్వులు యూదులని చెప్పి ఈ సమాజమును కూర్చిరి. 1991లో ప్రార్థనామందిరము, అనగా సినగోగు, ఏర్పడినది. శనివారము విశ్రాంతి దినముగా పాటించుచు, హీబ్రూ నేర్చుకొనుచు, పస్కా మొదలగు పండుగలు చేయుచున్నారు. వారి కథనము ప్రకారము, క్రీ.పూ. 722 ప్రాంతమున అస్సూరువారు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యమును కూల్చి ప్రజలను చెరపట్టగా, ఎఫ్రాయీము గోత్రమువారు పారసీకము, ఆఫ్గను దేశముల మీదుగా ఉత్తర హిందూదేశమునకును, అచ్చటినుండి దక్షిణమునకును వచ్చిరి. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు ఈ సమాజమును గూర్చి వ్రాసిన ఆంగ్ల గ్రంథమును 2013లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ప్రకటించిరి.

ఈ వంశకథకు ప్రాచీన నిదర్శనము దొరకినదా? దొరకలేదు. దొరకినదని నేనును చెప్పను. మణిపురము, మిజోరాములలోని బెనె మెనషె వారిని 2005లో ఇశ్రాయేలులోని సెఫార్దీ ప్రధాన రబ్బీ యూదసంతతిగా అంగీకరించిరి. వేలకొలది మంది ఆ దేశమునకు తరలిరి. మన తెలుగువారికి అట్టి గుర్తింపు రాలేదు. ఇది వినగానే కొందరు నవ్వుదురు. పైదేశపు ధనమునకో ప్రయాణమునకో ఆశపడి కట్టిన కథ యందురు. ఆ మాట అనుటకు ముందు రెండు సంగతులు ఆలోచింపవలెనని నా మనవి.

మొదటిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులమువారికి గల హక్కులు మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. యూదుడను పదము అందులో లేదు. కాబట్టి అట్టివాడు ధ్రువపత్రమునకు వచ్చి తన మతము యూదమతమని వ్రాయించుకొన్నచో, బిడ్డల చదువునకు, ఉద్యోగమునకు ఆధారమైన హక్కును చేజేతుల వదలుకొనవలసియుండును. లాభమునకే కట్టిన కథయైనచో ఇంత నష్టము ఎదుట పెట్టుకొని యెవడును కట్టడు.

రెండవది నిదర్శనమును గూర్చి. కొచ్చిను యూదులకు రాగిరేకులున్నవి. క్రీ.శ. 1000 ప్రాంతమున చేరరాజు భాస్కర రవివర్మ, జోసెఫు రబ్బాను అను వర్తకశ్రేష్ఠునకు పల్లకి, గొడుగు మొదలగు గౌరవములిచ్చుచు వ్రాయించినవి. ఆ శతాబ్దిలోనే మన కలిదిండి పేరిటను ఒక తామ్రశాసనము పుట్టినది. రాజరాజ నరేంద్రుడు, తన పక్షమున పశ్చిమ చాళుక్యుల సైన్యముతో పోరాడి ఇచ్చట పడిపోయిన ముగ్గురు చోళ సేనానుల స్మృత్యర్థము మూడు శివాలయములు కట్టించి, వాటికి దానమిచ్చిన శాసనమది. నన్నయ గారి ప్రభువు వ్రాయించిన రేకులలో మన ఊరి పేరుండుట మనకు గర్వకారణమే. కాని ఆ యుద్ధములో పడినవారు ముగ్గురేనా? వారి వెంట వచ్చి ఈ నేలలో కలిసిన భటులెందరు? వారికి తోలు చెప్పులును, గుఱ్ఱములకు జీనులును కుట్టిన వారెవరు? రేకు మీద వారికి చోటు లేదు.

తామ్రశాసనమువరకు పోనక్కరలేదు. అడంగలు తీయుడు, రీసెటిల్మెంటు రిజిస్టరు తీయుడు. భూమి గలవాని పేరు తాతముత్తాతలతో సహా దొరకును. ఆ భూమిని దున్నిన పాలేరు పేరు ఏ కాలములోను లేదు. ఆ పుస్తకములకు ఆ కాలమే లేదు. 1984లో కరణీకములు రద్దయినవి; అంతకు ముందు కాలములోని పుస్తకములను గూర్చి చెప్పినను, తరువాతి వాటిని గూర్చి చెప్పినను ఇదే మాట. తరతరములు పేరు వ్రాయక, ఇప్పుడు మీ పూర్వులెవరో కాగితము చూపుడనినచో వారెచ్చటనుండి తెత్తురు?

పాలేరుతనము ఐగుప్తు దాస్యము వంటిదా యని నన్నడిగినచో, తూనికలు వేయుటకు నేను చాలను. అప్పునకు కట్టుబడి తండ్రి తరువాత కొడుకు పనిచేసిన రోజులు ఈ దేశమున లేకపోలేదు. వెట్టి నిర్మూలన చట్టము వచ్చినది 1976లో. ఆ చట్టమునకు ముందు పుట్టినవారు మన మధ్య ఇంకను ఉన్నారు. అట్టి యింటిలో పున్నమి రాత్రి చేదాకు నమలుచు ఒక పిల్లవాడు అడుగగా, ముసలివాడు దాస్యము కథ చెప్పుచున్నాడు. అతని నోట ఫరో యను మాట వచ్చినప్పుడు ఆ బిడ్డ మనస్సులో ఏ ముఖము మెదలునో మనము ఊహింపవచ్చును. పూర్వులు నైలునది ఒడ్డున ఇటుకలు చేసిరో లేదో తెలియదు గాని, ఆ కథ చెప్పుటకు అర్హత లేదని అతనితో అనగలవాడు ఈ సభలో ఎవడైనను ఉన్నాడా?

సందర్భము వచ్చినది గావున సమరీయులను గూర్చి ఒక మాట. నాబ్లసు పట్టణము చేరువ గెరిజీము కొండ మీద వీరు నేటికిని పస్కానాడు గొఱ్ఱెలను బలియిచ్చి కాల్చి భుజింతురు. యెరూషలేము దేవాలయము 70లో ధ్వంసమైన పిదప యూదులు బలి మానిరి, వీరు మానలేదు. వీరి సంఖ్య కొన్ని వందలే. వీరును ఎఫ్రాయీము, మనష్షే గోత్రములవారమనియే చెప్పుకొందురు. వీరి మాటను యూదులు శతాబ్దముల తరబడి నమ్మలేదు. వీరి పంచాంగము వేరు. కొన్ని యేండ్లలో వీరి పస్కా యూదుల పస్కాకు నెల దూరములో పడును. ఒకరు నమ్మలేదని వీరు కొండ దిగలేదు.

ఇక తేదీలు అడిగిన వారికొరకు. పస్కా మొదటి దినము సోమ, బుధ, శుక్రవారములలో రాకుండునట్లు వారి గణనలో ఏర్పాటున్నది. శరత్కాలములోని వారి ఉపవాస దినము శనివారమునకు ముందో వెనుకనో తగులుకొని రెండు దినములు వరుసగా వంట లేకపోవుట తప్పించుటకు చేసిన సవరణలో ఇదియు చేరినది. మన పంచాంగకర్తలు ఏకాదశి విషయమున పడు తగవులు తెలిసినవారికి ఇది వింతగా తోపదు. 2027లో వారికి అధిక మాసము వచ్చును. పండుగ ఏప్రిల్ 21 సాయంకాలము, మొదటి దినము గురువారము. ఆ యేడు మన ఉగాది ఏప్రిల్ 7, చైత్ర పూర్ణిమ 20. మన సౌరమానము సుమారు డెబ్బది యేండ్లకు ఒక దినము చొప్పున ఋతువులకు వెనుకబడుచున్నది. వారిది రెండు వందల యేండ్లకు పైగా ఒక దినము. కనుక రాబోవు శతాబ్దములలో రెండు పున్నములును విడిపోవు యేండ్లు హెచ్చగును. గంటల పంచాంగము గ్రంథాలయపు బీరువాలో తలుపు ప్రక్క అరలో నున్నది. ఇష్టమున్నవారు నా అంకెలను సరిచూడవచ్చును.